డెబ్భై నాలుగు దగ్గర వంగని గీత

లూనెవాడ్ ఊళ్లో తొమ్మిది వందల ఇళ్లున్నాయి గానీ చలి కాచుకోవడానికి ఒక్క పొయ్యి లేదు. ఊరి చివర గడ్డి మోపులు మింగే పెద్ద బాయిలరు ఒకటుంది. అది కాచిన నీళ్లు నేల కింద గొట్టాల్లో ఊరంతా తిరిగి, ఇంటింటికీ కాస్త వేడి పంచి, చల్లారి మళ్లీ బాయిలరు దగ్గరికే వస్తాయి. ఆ నీళ్లు ఒక్క పూట ఆగినా ఊళ్లో పెళ్లిళ్లు నిలవవని మేనేజరు మౌరిట్స్ నమ్మకం. ఒకసారి నాలుగు గంటలు ఆగితే మూడు జంటలు విడిపోయాయని చెబుతాడు. వాళ్లు విడిపోయింది అంతకు ముందేడని అందరికీ తెలుసు, ఎవరూ సరిదిద్దరు.

ఆ సహకార సంఘంలో సరిదిద్దే పని డాగ్నీది. ముప్పై నాలుగేళ్ల మనిషి. ఊళ్లో ఉన్న ప్రతి మీటరూ నిజం చెబుతోందో లేదో చూడటం ఆమె ఉద్యోగం. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, వంటింటి గడియారం అర నిమిషం వెనకబడితే ఆమెకి ఆ రాత్రి అన్నం సయించేది కాదు.

అన్నిట్లోకీ ముఖ్యమైనవి పంపు గదిలో ఉన్న రెండు సెన్సర్లు. ఊళ్లోకి వెళ్లే గొట్టానికి ఒకటి, తిరిగి వచ్చే గొట్టానికి ఒకటి. ఒక్కోదానికి గొట్టం పొడుగునా కాస్త ఎడంగా రెండు చెవులుంటాయి. మనిషికి వినపడనంత సన్నటి కూత ఒక చెవి వేస్తే రెండోది వింటుంది. నీళ్ల వాలున వెళ్లే కూత కాస్త ముందు చేరుతుంది, ఎదురీదే కూత కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడాని బట్టి నీళ్లు ఎంత జోరుగా పోతున్నాయో తేలుతుంది. ఆ తేడా కూడా తేడాయేనా అన్నంత చిన్నది. మనం రెప్ప కొట్టే లోపల అలాంటివి కోటి పడతాయి.

చిక్కంతా వేడితోనే. నీళ్లలో కూత వేగం వేడితో పాటు మారుతుంది. డెబ్భై నాలుగు డిగ్రీల దాకా పెరుగుతూ పోతుంది, అక్కడ ఇంట్లో స్టవ్ ఆర్పడం మర్చిపోయానని గుర్తొచ్చినట్టు ఆగి వెనక్కి తిరుగుతుంది. పైగా వేడి నీళ్లు ఉబ్బుతాయి. అందుకే ప్రతి సెన్సరు పక్కనా వేడిని కొలిచే సూది ఒకటి, ఆ సూది చెప్పినదాన్ని బట్టి లెక్క సరిచేసే దిద్దుబాటు పట్టిక ఒకటి ఉంటాయి. ఆ పట్టిక సరిగ్గా ఉంటే వెళ్లిన నీళ్లూ వచ్చిన నీళ్లూ సమానమని తేలుతుంది, స్క్రీను మీద పచ్చటి సున్నా వెలుగుతుంది. వచ్చింది తక్కువైతే ఊళ్లో ఎక్కడో గొట్టం కారుతున్నట్టు.

ఆగస్టులో ఆ సున్నా పోయి ఒకటి వచ్చింది. గంటకి ఒక టన్ను నీళ్లు వెళ్లి తిరిగి రావడం లేదు.

"కారుతోంది," అంది డాగ్నీ.

"ఎక్కడ?" అన్నాడు ఐలర్. గొట్టాల పనివాడు, అరవై ఒక్క ఏళ్లు. నేల మీద మైకు ఆనించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కింద కారే నీళ్లని వినడం అతని విద్య. వానపాము దగ్గినా ఏ వీధిలో దగ్గిందో చెప్పగలనని అతని గొప్ప.

"ఎక్కడో నా సెన్సర్లకి తెలీదు. ఉందని మాత్రం తెలుసు."

"బ్రహ్మాండం అంకెలమ్మా. లోకంలో ఎక్కడో దొంగ ఉన్నాడని పోలీసులకి ఫోన్ చేసినట్టుంది."

ఐలర్ మూడు రోజులు ఊరంతా విన్నాడు. చివరికి చర్చి పాస్టరుగారి కంచె దగ్గర ఆగి, "ఇక్కడ," అన్నాడు. నలభై ఏళ్లుగా పాస్టర్లంతా కత్తిరిస్తూ వచ్చిన పొదల కంచె అది. దాన్ని పీకి రెండు మీటర్లు తవ్వారు. కింద గొట్టం ఎండు కొయ్యలా ఉంది. అటు నాలుగు మీటర్లు, ఇటు నాలుగు మీటర్లు తవ్వారు. ఒక నాణెం, ఒక గుర్రపు లాడం దొరికాయి. తడి మాత్రం దొరకలేదు.

ఆ ఊరి ఆఫీసుల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరైనా పనిలో తప్పు చేస్తే ఆ శుక్రవారం పొద్దున వాళ్లే అందరికీ కేకు తేవాలి. దాన్ని తప్పు కేకు అంటారు. తిట్టడం ఉండదు, జీతం కోత ఉండదు, చివాట్లు ఉండవు. కేకు తినేటప్పుడు ఆ తప్పు గురించి జోకులు వేస్తారు, అక్కడితో సరి. ఇంత మంచి పద్ధతి ఇంకెక్కడా లేదని అందరూ అంటారు. కేకు తెచ్చినవాళ్లు కూడా అంటారు, కాస్త ఆలస్యంగా.

స్థలం చూపించింది ఐలర్. కేకు తెచ్చింది డాగ్నీ. కారుతోందన్న మాట ఆమెది కదా. ఐలర్ ఆ సంగతి ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. కేకు మీద చాక్లెట్‌తో ఒక గొట్టం గీయించి తెచ్చింది.

పద్నాలుగు మంది బల్ల చుట్టూ కూర్చున్నారు. ఐలర్ కప్పు మీద చెంచాతో కొట్టి లేచి నిలబడ్డాడు.

"మిత్రులారా, ఈ కేకు కూడా పొడిగానే ఉంది. నేను రెండు మీటర్లు తవ్వి చూశాను."

నవ్వులు. లెక్కల సెక్షన్ ఆవిడ బల్ల కొట్టి మరీ నవ్వింది. మౌరిట్స్ కళ్లు తుడుచుకున్నాడు.

"పాస్టరుగారు నీకోసం ప్రార్థిస్తానన్నారు డాగ్నీ. కంచె కోసం ముందు, నీకోసం తర్వాత."

డాగ్నీ కూడా నవ్వింది. రెండు ముక్కలు తిని చూపించింది. ఆ రోజు నుంచి నెల పాటు, ఎవరి కప్పు ఒలికినా, ఎవరి గొడుగు కారినా, "డాగ్నీని పిలవండి, గంటకి ఒక టన్ను," అనేవాళ్లు. అంతా ప్రేమతోనే. ఆ ఊళ్లో మనిషిని ప్రేమతోనే సన్నగా తరుగుతారు.

"సెన్సరే పాడై ఉంటుంది," అన్నాడు మౌరిట్స్, ఆమె గదిలోకి వచ్చి తలుపు మెల్లగా వేసి. "చలికాలం మొదలయ్యే లోపు సరిదిద్దెయ్యి. లేకపోతే ఈ ఎర్ర దీపం చలికాలమంతా మన నెత్తిన ఉంటుంది."

సెప్టెంబరులో డాగ్నీ సరిదిద్దింది. సెన్సరు ఊడదీయాలంటే ఊరికి నీళ్లు ఆపాలి. కాబట్టి ఎప్పుడూ చేసే పద్ధతే చేసింది. ఊళ్లో ఎక్కడా కారడం లేదు అనుకోవడం, ఆ రెండు సెన్సర్లూ ఒకే అంకె చూపించాలి అనుకోవడం, చూపించకపోతే ఆ తేడాని వేడి మీద పెట్టి పట్టికలో రాయడం.

అరవై అయిదు డిగ్రీల దగ్గర వెళ్లే సెన్సరు నూటికి ఒకటి ఎక్కువ చూపించింది. డెబ్భై అయిదు దగ్గర ఒకటీ పాయింట్ నాలుగు. ఎనభై అయిదు దగ్గర ఒకటీ పాయింట్ ఎనిమిది. కాగితం మీద మూడు చుక్కలు పెట్టి స్కేలు ఆనిస్తే గీత మూడిటి గుండా దూసుకుపోయింది. డాగ్నీ జీవితంలో అంత చక్కటి గీత చూడలేదు. ఆమె పెళ్లి ఫొటోలో మొగుడు కూడా అంత తిన్నగా నిలబడలేదు.

"వేడి పెరిగే కొద్దీ తప్పు పెరుగుతోంది. సూది దగ్గరే ఏదో తేడా," అంది మౌరిట్స్‌తో. "పట్టికలో వేశాను."

"సున్నా వచ్చిందా?"

"వచ్చింది."

"చూశావా? ఎంత సుఖంగా ఉందో!" అన్నాడతను, కుర్చీలో వెనక్కి వాలి పచ్చ దీపం వంక చూస్తూ.

అందరూ సుఖంగా ఉన్నారు. అక్టోబరు గడిచింది, నవంబరు గడిచింది. గొట్టాల్లోకి కొత్త నీళ్లు కాస్త ఎక్కువే ఎక్కించాల్సి వస్తోంది గానీ, ఆ నీళ్ల మీటరు మీదే వసంతంలో కొత్తగా పెట్టిన గడ్డి బాయిలరుని కడిగే గొట్టం కూడా ఉంది. ఆ బాయిలరు అంత దాహం గల జంతువు ఆ జిల్లాలో లేదు. ఎక్కువ నీళ్లన్నీ దాని ఖాతాలోకే పోయాయి.

జనవరి మూడో వారంలో ఆ బాయిలరు బూడిద తోడే మర విరిగింది. రెండు రోజులు బాయిలరు ఆపి, పక్కనున్న పాత నూనె బాయిలరుతో ఊరిని వెచ్చగా ఉంచారు. బయట మైనస్ తొమ్మిది. మంచు మోకాలి లోతు.

రెండో రోజు పొద్దున ఐలర్ డాగ్నీ గది గుమ్మంలో నిలబడి కాఫీ ఊదుకుంటున్నాడు.

"థీరా ముసలామె ఫోన్ చేసింది. గార్వర్ వీధిలో ఆమె ఇంటి ముందు రోడ్డు మీద మంచు నిలవట్లేదట. ఊళ్లో పిల్లులన్నీ అక్కడే సభ పెట్టాయట. ఆమె కుక్కేమో అటు అడుగు వెయ్యనంటోందట."

"పిల్లులకి భయపడి ఉంటుంది."

"ఆ కుక్క పోస్టుమాన్ ప్యాంటు నాలుగు సార్లు చింపింది. పిల్లులకి భయపడే రకం కాదు." కాఫీ ఒక గుక్క తాగాడు. "నీ అంకె ఎంత?"

డాగ్నీ స్క్రీను వంక చూసింది. చూడనక్కర్లేదు, అయినా చూసింది.

"సున్నా."

"పక్కాగా?"

"సెప్టెంబరు నుంచీ సున్నానే ఐలర్. నీకు గుర్తుండే ఉంటుంది, నేను కేకు కూడా తెచ్చాను."

అతను పెద్దగా నవ్వాడు. "అయితే ఏ స్నానాల గది నీళ్లో మురుగు కాలువలోంచి ఆవిరి కొడుతుంటాయి. వెళ్లి ఒకసారి విని వస్తా, ముసలామె తృప్తి కోసం."

అంకె సున్నా కాకపోతే పద్ధతి వేరు. అప్పుడు ఇద్దరు వెళ్లాలి. రోడ్డుకి అడ్డంగా కంచె పెట్టాలి, ఇనప చువ్వతో నేల పొడుస్తూ అడుగు వెయ్యాలి, నడుముకి తాడు కట్టుకోవాలి. సున్నా అయితే ఒక్కడు మైకు పట్టుకుని వెళ్లొచ్చు. ఐలర్ మైకు భుజాన వేసుకుని, ఈల వేసుకుంటూ వెళ్లాడు.

ముప్పావు గంట తర్వాత డాగ్నీ నెల లెక్కలకని కొత్త నీళ్ల మీటరు తెరిచింది. బాయిలరు నిన్న పొద్దున్నుంచీ ఆగి ఉంది. కడగడం లేదు. మీటరు తిరగకూడదు. తిరుగుతోంది. గంటకి నాలుగు టన్నులు.

ఆమె మొదట మీటరునే అనుమానించింది. బతుకంతా చేసిన పని అదే కదా. తర్వాత సొరుగు తీసి సెప్టెంబరు కాగితం బయటికి తీసింది.

మూడు చుక్కలు. తిన్నటి గీత.

అంత తిన్నగా ఎందుకుంది?

వేడి సూది తప్పు చెబితే కూత లెక్క తప్పాలి. కూత డెబ్భై నాలుగు దగ్గర వెనక్కి తిరుగుతుంది. అప్పుడు ఆ తప్పు కూడా అక్కడ వంగాలి. అరవై అయిదు దగ్గర ఒక వైపు లాగితే ఎనభై అయిదు దగ్గర రెండో వైపు లాగాలి. ఈ గీత డెబ్భై నాలుగుని దారిలో కనబడ్డ పక్కింటివాడిలా పలకరించకుండా దాటిపోయింది. ఇది కూత తప్పు కాదు. వేడికి దీనికి సంబంధమే లేదు.

సెప్టెంబరులో ఆ మూడు చుక్కలూ పెట్టిన మూడు రోజుల్లో ప్రవాహం ఎంతో చూసింది. అరవై అయిదు దగ్గర గంటకి వంద టన్నులు. డెబ్భై అయిదు దగ్గర డెబ్భై ఒకటి. ఎనభై అయిదు దగ్గర యాభై ఆరు. నీళ్లు ఎంత వేడిగా పంపితే ఊరికి అంత తక్కువ నీళ్లు చాలు, అంతే. వందలో ఒక టన్ను, డెబ్భై ఒకటిలో ఒక టన్ను, యాభై ఆరులో ఒక టన్ను. నూటికి ఒకటి, ఒకటీ పాయింట్ నాలుగు, ఒకటీ పాయింట్ ఎనిమిది. మూడు రోజులూ కారిన నీళ్లు ఒకటే. పోయిన ఆ ఒక్క టన్నునీ ఆమె వేడి ఖాతాలో రాసి, ఇంక కనపడకుండా చేసింది.

అక్కడితో అయిపోలేదు. ఇప్పుడు చలికాలం, గంటకి మూడు వందల టన్నులు తిరుగుతున్నాయి. నూటికి ఒకటీ పాయింట్ ఎనిమిది చొప్పున ఆమె పట్టిక అయిదు టన్నులకి పైగా కొట్టేస్తోంది. ఆ లెక్కన ఊరి గొట్టాలు నీళ్లని తాగడం లేదు, కంటున్నాయి. అలా మైనస్‌లోకి పోయిన అంకెని స్క్రీను సున్నాగా చూపిస్తుంది. కారడం సున్నా కన్నా తక్కువ ఉండదని ఎప్పుడో ఎవరో అనుకుని అలా పెట్టారు. గంటకి అయిదు టన్నులు నేలలోకి పోయినా ఆ దీపం పచ్చగా నవ్వుతూనే ఉంటుంది.

పిల్లులు. కుక్క. ఐలర్.

ఫోన్ చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. చెవులకి హెడ్‌ఫోన్లున్నాయి మరి. మళ్లీ చేస్తూనే మౌరిట్స్ గదిలోకి వెళ్లింది.

"గార్వర్ వీధి వాల్వు కట్టించు. ఇప్పుడే."

మౌరిట్స్ రొట్టె నోటి దగ్గర పెట్టుకుని ఆగాడు. "ఎందుకు?"

"కారుతోంది. నాలుగు టన్నులు. అయిదు నెలల నుంచీ కారుతోంది. రోడ్డు కింద మట్టి ఉండదు మౌరిట్స్, మొత్తం కొట్టుకుపోయి ఉంటుంది. ఐలర్ దాని మీద నడుస్తున్నాడు."

"స్క్రీను సున్నా అంటోంది."

"ఆ సున్నా నేను రాసింది."

"డాగ్నీ, నూట నలభై ఇళ్లు. బయట మైనస్ తొమ్మిది." రొట్టె కింద పెట్టాడు. "ఆగస్టులో కూడా నువ్వు ఇంతే గట్టిగా చెప్పావు."

"ఆగస్టులో నేను చెప్పింది నిజం."

అతను ఆమె మొహం చూశాడు. మౌరిట్స్ ఒక నిర్ణయం తీసుకున్నాడంటే మధ్యలో రెండు రుతువులు మారడం మామూలు. ఆ రోజు మాత్రం వెంటనే లేచాడు. "కడతాను. పది నిమిషాలు పడుతుంది. నువ్వు వెళ్లు."

గార్వర్ వీధి బండి మీద నాలుగు నిమిషాల దూరం. ఆమె మూడులో వెళ్లింది. వీధంతా తెల్లగా ఉంది. థీరా ఇంటి ముందు మాత్రం మంచం వేసుకునేంత మేర రోడ్డు నల్లగా, పొడిగా, శుభ్రంగా, ఎవరో తుడిచి ముగ్గు పెట్టబోతున్నట్టుంది. ఆ నలుపు మధ్యలో ఐలర్ వంగి, మైకు గిన్నెని నేలకి ఆనించి, కళ్లు మూసుకుని వింటున్నాడు. పిల్లులు పక్కకి జరిగి మంచులో నిలబడి అతని వంక గుర్రుగా చూస్తున్నాయి.

"ఐలర్! వెనక్కి! వెనక్కి రా!"

కళ్లు తెరిచాడు. ఒక చెవి మీది హెడ్‌ఫోను పైకెత్తి, "అంకెలమ్మా, కింద పెద్ద నది పోతోంది," అన్నాడు. భయంతో అన్నది కాదు. మంచి సంగీతం విన్నవాడు పక్కవాణ్ణి పిలిచి చెప్పినట్టు అన్నాడు. అని నిటారుగా లేచాడు.

పెద్ద శబ్దమేమీ రాలేదు. కాల్చిన రొట్టె పైపొర మీద వేలు నొక్కితే ఎంత వస్తుందో అంతే వచ్చింది. రోడ్డు మంచం మేర కిందికి వంగింది, ఐలర్ నడుము దాకా దిగిపోయాడు, ఆవిరి లేచి అతన్ని కప్పేసింది. ఆవిరిలోంచి అతని గొంతు ఒక్క మాట చెప్పింది. ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పేటప్పుడు వాడే గొంతుతోనే.

"ఎనభై డిగ్రీలు ఉంటుంది."

డాగ్నీ బోర్లా పడుకుని చేతులు చాపింది. మైకు కర్ర అందింది, దాని రెండో చివర అతనున్నాడు. రొట్టెల బండి నడిపే మనిషి ఒకడు పరిగెత్తుకొచ్చి ఆమె కాళ్లు పట్టుకున్నాడు. లాగేసరికి నలభై సెకన్లు పట్టిందని తర్వాత అతను అధికారులకి చెప్పాడు. అతను లెక్కపెట్టలేదు, ఊహించి చెప్పాడు. ఆ రోజు ఆమె దగ్గర సరైన కొలత లేనిది అదొక్కటే.

మంచులో పడుకోబెట్టి, బట్టల మీదే మంచు కుప్పలుగా పోశారు. థీరా ఇంట్లోంచి బకెట్లతో చల్లనీళ్లు మోస్తూనే ఉంది. ఐలర్ ఆకాశం వంక చూస్తూ పడుకున్నాడు. అంబులెన్స్ వచ్చే లోపల ఒకసారి, "బూట్లు కొత్తవి," అన్నాడు.

పదకొండు రోజులు బతికాడు.

ఆ తర్వాత అందరూ డాగ్నీతో మంచిగా ఉన్నారు. ఆమెకి అంతకన్నా పెద్ద శిక్ష వెయ్యడం ఎవరికీ చేతనయ్యేది కాదు. లెక్కల సెక్షన్ ఆవిడ రోజూ పొద్దున కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి భుజం తట్టి వెళ్లేది. ఆవిరికి కాలిన చేతుల మీది కట్లు విప్పే దాకా మౌరిట్స్ స్వయంగా ఆమె కోసం తలుపులు తీసేవాడు. విచారణకి వచ్చిన ఇద్దరు అధికారులు రెండు రోజులు కూర్చుని, ఇరవై ఆరు పేజీలు రాసి, చివర్లో "వ్యవస్థలోని లోపం" అన్నారు. ఆ మాట అందరికీ నచ్చింది. అది ఎవరి ఇంటి తలుపూ తట్టదు.

"నీ తప్పు కాదు," అనేవాళ్లు ఎదురైన ప్రతివాళ్లూ.

"పట్టిక నేను రాశాను."

"పద్ధతి ప్రకారమే కదా రాశావు."

పద్ధతి ప్రకారమే రాసింది. అబద్ధాన్ని అంత శుభ్రంగా, తేదీ వేసి, సంతకం పెట్టి, మూడు చోట్ల వేడి మార్చి మరీ రాయడం పద్ధతి తెలిసిన మనిషికే వీలవుతుంది.

ఫిబ్రవరి చివర్లో చలి కాస్త తగ్గింది. గార్వర్ వీధి కింద కొత్త గొట్టం వేశారు, గాలి పెట్టి ఒత్తిడి చూశారు, ఊరంతా ఇంకో కంపెనీవాళ్ల చేత రెండు సార్లు వినిపించారు. ఇప్పుడు నిజంగానే ఎక్కడా కారడం లేదు. సెన్సర్లని మళ్లీ సరిచూడాలి. ఇంకొకళ్ల చేత చేయిస్తానని మౌరిట్స్ అన్నాడు. డాగ్నీ ఒప్పుకోలేదు.

పాత దిద్దుబాటు పట్టిక తీసేసి ఖాళీగా ఉంచింది. నీళ్లని అరవై అయిదు దగ్గర నిలబెట్టింది. ఊరంతా ఆ వేడికి రావడానికి మూడు గంటలు పడుతుంది. వచ్చింది. వెళ్లినవీ వచ్చినవీ సమానం. తేడా లేదు. డెబ్భై అయిదుకి పెంచమని బాయిలరు వాళ్లకి చెప్పి, పంపు గదిలో స్టూలు మీద కూర్చుంది.

తలుపు తోసుకుని ఐలర్ భార్య రాగ్నిల్ వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆమె బ్రేకు వేస్తే బస్సే కాదు, వెనక వచ్చే వాన కూడా ఆగేదని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. చేతిలో అట్టపెట్టె ఉంది. ఐలర్ అల్మారా ఖాళీ చెయ్యడానికి వచ్చింది.

"ఎడమ చేతి గ్లవ్స్ పదకొండున్నాయి," అంది పెట్టె కింద పెట్టి. "కుడిది ఒక్కటీ లేదు. ఏం చేసేవాడు వాటిని, తినేవాడా?"

డాగ్నీ లేచి నిలబడింది. "కూర్చో రాగ్నిల్."

"కూర్చోను. కూర్చుంటే లేవలేను." గొట్టాల వంక చూసింది. "ఇవేనా?"

"ఇవే."

"ఆ రిపోర్టు చదివాను. ఇరవై ఆరు పేజీలు. దాంట్లో మా ఆయన పేరు రెండు సార్లొచ్చింది, వాల్వు పేరు నలభై సార్లొచ్చింది. నాకు కావలసింది దాంట్లో లేదు. ఆ పొద్దున వెళ్లేముందు నిన్ను అడిగాడటగా?"

"అడిగాడు."

"ఏమన్నావు?"

"సున్నా అన్నాను."

"రెండోసారి అడిగాడా?"

"అడిగాడు. పక్కాగానా అన్నాడు. నేను కేకు సంగతి ఎత్తి ఎగతాళి చేశాను. నవ్వాడు. నవ్వి వెళ్లాడు."

"నమ్మాడన్నమాట," అంది రాగ్నిల్. "ముప్పై ఆరేళ్లు కాపురం చేశాను. గొడుగు తీసుకెళ్లు అంటే నమ్మలేదు. చక్కెర తగ్గించు అంటే నమ్మలేదు. మా అమ్మ చచ్చిపోయిందని ఫోన్ చేస్తే, సరిగ్గా చూశావా అన్నాడు. నీ అంకెని మాత్రం నమ్మాడు."

డాగ్నీ ఏదో అనబోయింది.

"తప్పు నీది కాదని చెప్పించుకోవడానికి నా దగ్గరికి రాకు పిల్లా," అంది రాగ్నిల్. కోపంగా అనలేదు. బస్సు ఈ స్టాపులో ఆగదని చెప్పినట్టు అంది. "ఊళ్లో ఆ మాట అనేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను అనను. మా ఆయన్ని అడిగితే అనేసేవాడేమో. వాడికి బుద్ధి తక్కువ."

"నేను అడగలేదు."

"మంచిది." పెట్టె ఎత్తుకోబోయి ఆగింది. "ఆ యంత్రం. పాడైంది అదేనా?"

"ఇప్పుడు అదే చూస్తున్నాను."

"ఎంతసేపు?"

"ఇంకో ఆరు గంటలు."

రాగ్నిల్ ఒక్క క్షణం ఆలోచించింది. కోటు విప్పలేదు. పెట్టెని గోడ పక్కకి కాలితో తోసి, తిరగేసిన బకెట్ మీద కూర్చుంది. డెబ్భై అయిదు వచ్చింది. డాగ్నీ అంకెలు చదివి రాసుకుంది. తేడా లేదు. ఎనభై అయిదుకి పెంచమని ఫోన్ చేసింది.

మౌరిట్స్ ఒకసారి తలుపు తీసి, రాగ్నిల్‌ని చూసి, కాఫీ కావాలా అని అడిగి, తనే ఒక కప్పు తెచ్చి నేల మీద పెట్టి వెళ్లాడు. అది చల్లారిపోయింది.

ఎనభై అయిదు వచ్చేసరికి కిటికీలో వెలుగు తగ్గుతోంది. డాగ్నీ రెండు సెన్సర్ల అంకెలూ చదివింది. మళ్లీ చదివింది. చేతి మీటరు తెచ్చి గొట్టానికి కట్టి మూడోసారి చూసింది.

"చెప్పు," అంది రాగ్నిల్.

"తేడా లేదు."

"అంటే?"

"అంటే ఇది ఎప్పుడూ పాడవలేదు. వేడిలో గానీ చల్లదనంలో గానీ. దీనికి దిద్దుబాటే అక్కర్లేదు. ఆగస్టులో ఇది చెప్పింది నిజం."

రాగ్నిల్ సెన్సరు దగ్గరికి వచ్చి దాన్ని చాలాసేపు చూసింది. పిడికిలంత పెట్టె, బూడిద రంగు, పక్కన చిన్న పచ్చ దీపం. దాని మీద చెయ్యి వేసింది. వేడికి వెంటనే వెనక్కి తీసుకుంది.

"రాసుకో మరి," అంది.

డాగ్నీ రాసింది. అరవై అయిదు, సున్నా. డెబ్భై అయిదు, సున్నా. ఎనభై అయిదు, సున్నా. కింద సంతకం పెట్టే చోట కలం ఆగింది. చేతి మీద కొత్త చర్మం ఇంకా బిగుతుగా ఉంది, వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు. రాగ్నిల్ పక్కనే నిలబడి, ఆమె సంతకం పూర్తి చేసే దాకా కదలకుండా చూస్తూనే ఉంది.